తప్పు ఎలా జరుగుతుందో చూసి పని ఎంచుకోండి

(ఆసుపత్రి సహాయక వృత్తుల్లో చేరదలచినవారి కోసం ఏర్పాటైన సభలో ఒక శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీ అందరి చేతుల్లోనూ కోర్సుల కరపత్రాలు కనిపిస్తున్నాయి. నర్సింగ్ అసిస్టెంట్, రక్తం తీసే ఫ్లెబాటమిస్టు, ఫార్మసీ అసిస్టెంట్, డయాలసిస్ టెక్నీషియన్, ఈసీజీ టెక్నీషియన్, స్టెరిలైజేషన్ టెక్నీషియన్, అంబులెన్స్ సిబ్బంది, మెడికల్ రికార్డులు. ఏ కాగితం తీసినా ఒకటే బొమ్మ: నవ్వుతున్న మనిషి, మెడలో స్టెతస్కోపు. (నవ్వులు) ఇందులో సగం పనులకు స్టెతస్కోపుతో పనే ఉండదు.

వీటిలో ఏది మంచిదని అడిగేవాళ్లు మామూలుగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఎన్ని నెలలు చదవాలి, జీతమెంత, ఉద్యోగం దొరుకుతుందా. అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే వాటి జవాబులు ఊరిని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారిపోతాయి. ఇక్కడ నిలబడి నేను చెప్పేదానికంటే మీరు నాలుగు ఆసుపత్రులకు వెళ్లి విచారించి తెలుసుకున్నదే నమ్మదగింది. నేను నాలుగో ప్రశ్న గురించి మాట్లాడతాను. ఈ పనిలో తప్పు జరిగితే ఎలా జరుగుతుంది? అది ఎవరి కంట పడుతుంది, ఎంతసేపటికి పడుతుంది?

మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట ఎత్తలేదు. నేను చాలాకాలం వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత ఈ పనులు నేర్పడంలోకి వచ్చాను. పని మానేసి వెళ్లిపోయినవాళ్లను చూశాను, ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లనూ చూశాను. ఎవరు ఎందులో నిలబడతారో వాళ్ల మార్కుల్లో నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఆ పనిలో పొరపాటు ఎక్కడ పొంచి ఉంటుందో అక్కడ ఆ మనిషి స్వభావం గట్టిగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి కనిపించింది.

ముందు వార్డు సంగతి. నర్సింగ్ అసిస్టెంట్ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది బెడ్ పాన్. అది ఉంది, రోజూ ఉంది. కానీ అసలు కష్టం అక్కడ లేదు. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం తీసుకోండి. నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద ఎముక చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. ఒంటి బరువంతా అక్కడే పడితే రక్తం ఆడదు. కొన్ని గంటలకు చర్మం ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఇంకా నయం, రక్తం ఆడుతోందన్నమాట. నొక్కినా ఎరుపు చెదరకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఈ ఎరుపు కంటికి ఆనదు. అలాంటప్పుడు చుట్టుపక్కల చర్మంతో పోల్చుకుంటూ వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని చేత్తో తడిమి చూడాలి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్ల చర్మానివే కావడంతో చాలామంది ఈ సంగతి తెలియకుండానే కోర్సు ముగిస్తారు.

ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందో చూడండి. తెల్లవారుజామున మూడు గంటలు. ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరే ఉన్నారు. రోగి అప్పుడే కునుకు తీశాడు. తిప్పితే లేస్తాడు, మూలుగుతాడు. ‘పోనీలే, ఐదింటికి తిప్పుదాం’ అనిపిస్తుంది. కాగితం మీద మాత్రం మూడింటికి తిప్పినట్టే గీత పడుతుంది. ఆ రాత్రి ఏమీ కాదు. మర్నాడు డ్యూటీకి వచ్చినవాళ్లకు కూడా ఏమీ కనిపించకపోవచ్చు. ఒకటి రెండు రోజులకు పుండు తేలుతుంది. మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అది ఎవరి షిఫ్టులో మొదలైందో ఎవరూ చెప్పలేరు.

శ్వాస లెక్కపెట్టడం కూడా ఇలాంటిదే. బీపీ, నాడి, ఉష్ణోగ్రత యంత్రం చూపిస్తుంది. శ్వాసను మాత్రం చాలా వార్డుల్లో ఛాతీ వైపు చూస్తూ నిమిషం పాటు మనమే లెక్కపెట్టాలి. లెక్కపెడుతున్నామని రోగికి చెబితే అతని ఊపిరి తీరే మారిపోతుంది కాబట్టి, మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో అది నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటుంది. చార్టులు తిరగేస్తే వార్డులో ఉన్న అందరికీ 18, పొద్దున 18, సాయంత్రం 18. (నవ్వులు) నవ్వండి కానీ, రోగి పరిస్థితి దిగజారేటప్పుడు తరచుగా అన్నిటికంటే ముందు మారేది ఈ అంకే. అక్కడ లెక్కపెట్టకుండా అలవాటుగా 18 రాసి పెడితే, డాక్టరుకు అందాల్సిన మొదటి కబురు అందదు.

అంటే వార్డులో తప్పు చాలా సార్లు చేసిన పనిలో ఉండదు, చేయకుండా వదిలేసిన పనిలో ఉంటుంది. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. అలాంటి వేళ కూడా చేయాల్సింది చేసేవాళ్లకే ఈ పని. జాలిగుండె ఉంటే చాలని కొందరు అంటారు. జాలిగుండె ఉన్నవాళ్లే రోగి నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక తిప్పకుండా వదిలేయడం నేను చూశాను.

వాసన తట్టుకోగలమా అని మీలో సగం మందికి భయం ఉండి ఉంటుంది. అది కొన్ని వారాల్లో అలవాటవుతుంది. దాని గురించి పెద్దగా ఆలోచించవద్దు. రోగి పడే సిగ్గుకు మాత్రం అలవాటు పడకూడదు. ఇంట్లో పదిమందికి చెప్పి చేయించిన పెద్దమనిషి ఇప్పుడు మీ చేత శుభ్రం చేయించుకుంటున్నాడు. అప్పుడు తెర పూర్తిగా లాగారా, అవసరమైన మేరకే దుప్పటి తొలగించారా, చేయబోయేది ముందే చెప్పి చేశారా అన్నది అతను బతికినంతకాలం గుర్తుపెట్టుకుంటాడు. ఇక నడుము నొప్పి. ఈ వృత్తిని వదిలేవాళ్లలో చాలామంది దాని వల్లే వదులుతారు. మోకాళ్లు వంచి ఎత్తండి అని నేర్పుతారు, మంచిదే. కానీ అది ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. రోగిని జరిపే జారుడు షీటు, రోగిని పైకెత్తే యంత్రం వాడండి, రెండో మనిషిని పిలవండి. ఎవరూ దొరకకపోతే ప్రాణాపాయం లేనంతవరకు ఆగండి.

ఇప్పుడు రక్తం తీసే పని. ఇక్కడ రోగితో మీ పరిచయం ఐదు నిమిషాలు. తప్పు కూడా క్షణంలో జరుగుతుంది, బయటపడేది మాత్రం వేరే గదిలో, వేరే వాళ్ల చేతుల్లో. అందరూ సూది నరానికి తగలదేమోనని భయపడతారు. అది చిన్న తప్పు, రోగి ‘అబ్బా’ అనగానే అక్కడికక్కడే తెలిసిపోతుంది. రెండుసార్లు దొరకకపోతే ఇంకొకరిని పిలవడం చాలా చోట్ల నియమం. పెద్ద తప్పు నోటితో మొదలవుతుంది. ‘మీరు ఫలానా వారే కదా?’ అని అడుగుతారు. మగతలో ఉన్నవాళ్లు, చెవులు సరిగా వినపడనివాళ్లు, గౌరవం కొద్దీ కాదనలేనివాళ్లు తల ఊపేస్తారు. అందుకే ‘మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి’ అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. రోగి చేతికి ఉన్న పేరు పట్టీతో, కాగితంతో సరిచూడాలి. రక్తం తీశాక మంచం పక్కనే, రోగి ఎదుటే లేబుల్ అంటించాలి. నాలుగు గొట్టాలకు ముందుగానే లేబుళ్లు అంటించి జేబులో వేసుకు తిరిగేవాళ్లు ఉంటారు, వాళ్ల పని చూడటానికి చకచకా ఉంటుంది. బ్లడ్ గ్రూపు శాంపిల్ మారితే ఒకరికి ఎక్కాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కుతుంది. దానికి ప్రాణం పోవచ్చు.

గొట్టాల వరుస కూడా ఉత్తినే పెట్టలేదు. ఊదా రంగు మూత ఉన్న గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది, సాధారణంగా పొటాషియం లవణం రూపంలో. అది కాస్త వేరే గొట్టంలోకి చేరినా పొటాషియం లేనిది ఉన్నట్టు ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. అందుకే లేత నీలం మూత గొట్టం, తర్వాత సీరం గొట్టాలు, ఆకుపచ్చ, ఆ తర్వాతే ఊదా. గొట్టాన్ని మెల్లగా తిరగేసి కలపమంటే గట్టిగా కుదిపేవాళ్లున్నారు. రక్తకణాలు పగిలి మళ్లీ పొటాషియమే పెరిగినట్టు చూపిస్తుంది. రక్తం తీయడానికి చేతికి బిగించిన పట్టీని నిమిషానికి మించి ఉంచినా కొన్ని ఫలితాలు మారతాయి. రోగి బాగానే ఉంటాడు, కాగితం మాత్రం ప్రమాదం అంటుంది, డాక్టరు ఆ కాగితాన్ని నమ్ముతాడు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టవద్దు. నేరుగా వాడిన సూదుల డబ్బాలో వేయండి. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు వెయ్యికి 3. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి ఉన్న రోగి సూదైతే, టీకా వేయించుకోనివాళ్లకు అది సోకే అవకాశం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందరూ మొదటిదానికి భయపడతారు, రెండోదానికి టీకా ఉన్నా వేయించుకోరు. మీరు ఏ కోర్సులో చేరినా శిక్షణ మొదలయ్యే ముందే వేయించుకోండి. మూడు మోతాదులు పూర్తి కావడానికి సాధారణంగా ఆరు నెలలు పడుతుంది.

(సభలో నుంచి ఒకరు: మేడమ్, నాకు రక్తం చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అయినా ఇందులో చేరాలని ఉంది.)

మంచి ప్రశ్న. కూర్చునే అడిగారు, అది ఇంకా మంచిది. (నవ్వులు) రక్తం చూసినప్పుడు కొందరికి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి, అందుకే కళ్లు తిరుగుతాయి. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. చాలామందికి చూడగా చూడగా తగ్గుతుంది. తల తేలిపోతున్నట్టు అనిపించగానే చేతులు, తొడలు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్ల పాటు బిగబట్టి వదలండి, మళ్లీ బిగబట్టండి. బీపీ పడిపోకుండా ఆపడానికి ఇది బాగా పనిచేస్తుంది. ఖాళీ కడుపుతో రావద్దు. కొన్ని నెలలు ప్రయత్నించినా తగ్గకపోతే, ఇదే ఆసుపత్రిలో రక్తం కనిపించని పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి ఇప్పుడే చెప్పబోతున్నాను. అయితే అక్కడా ఎండిన రక్తం ఉంటుంది.

స్టెరిలైజేషన్ విభాగం. ఆపరేషన్‌లో వాడిన పరికరాలన్నీ క్రిములు లేకుండా చేయడానికి అక్కడికి వస్తాయి. రోగి ముఖం మీకు కనిపించదు. కిటికీలు కూడా ఉండకపోవచ్చు. ఈ కోర్సు కావాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలా తక్కువ, నాకు మాత్రం దీని మీద పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను. కత్తెర లాంటి పరికరం రెండు భాగాలు కలిసే కీలు దగ్గర ఎండిన రక్తం కొంచెం మిగిలినా ఆవిరి దాని కిందికి చేరదు. పైకి పరికరం తళతళలాడుతూనే ఉంటుంది. అందుకే ముందు బ్రష్‌తో కడగడం, ఆ తర్వాతే ఆటోక్లేవ్, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం. కీళ్లు తెరిచిపెట్టే పంపాలి. 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు, లేదా లోపలి గాలిని ముందే లాగేసే యంత్రాల్లో 134 డిగ్రీల దగ్గర కనీసం మూడు నిమిషాలు ఆవిరి తగలాలి. మూట తడిగా బయటికి వస్తే అది శుభ్రమైనట్టు లెక్క కాదు, మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే.

మూట మీద అంటించిన టేపులో గీతలు నల్లబడతాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి అయిపోయిందనుకుంటారు. ఆ టేపు చెప్పేది ఒక్కటే, ఈ మూట యంత్రంలోకి వెళ్లి వచ్చిందని. లోపల క్రిములు చచ్చాయో లేదో తేల్చడానికి జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే మొండి బ్యాక్టీరియా బీజాలను యంత్రంలో పెట్టి, తర్వాత అవి మొలకెత్తుతాయేమో చూస్తారు. ఇక్కడ తప్పు జరిగితే రోజుల తర్వాత ఎవరికో కుట్ల దగ్గర చీము పడుతుంది. ఆ మనిషి పేరు మీకు తెలియదు, మీ పేరు ఆ మనిషికి తెలియదు. బ్యాచ్ నంబరు రాసిన పుస్తకం ఒక్కటే మీ ఇద్దరినీ కలుపుతుంది. ఎవరూ మెచ్చుకోకపోయినా ఇబ్బంది లేదు, ఎక్కువ మాట్లాడటం నా వల్ల కాదు, వరుస తప్పితే మాత్రం నిద్రపట్టదు అనేవాళ్లుంటే ఈ పని గురించి తప్పకుండా విచారించండి.

ఫార్మసీ గురించి క్లుప్తంగా. ఒకేలా వినిపించే మందుల పేర్లు, ఒకేలా కనిపించే డబ్బాలు, చుక్క జారిపోయి 1.0 కాస్తా 10 అయిపోయే మోతాదులు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇన్సులిన్‌ను పొరపాటున గడ్డకట్టించడం, తప్పులు ఇలా ఉంటాయి. మంచి సంగతి ఏమిటంటే మీ తర్వాత ఫార్మసిస్టు ఒకసారి చూస్తారు. చెడ్డ సంగతి కూడా అదే. ఆయన చూస్తారు కదా అని మీరు, వీళ్లు చూసే ఉంటారు కదా అని ఆయన వదిలేస్తే ఇద్దరి మధ్య నుంచి మందు రోగి చేతికి వెళ్తుంది.

ఈసీజీ నేర్చుకోవడం వేగంగా అవుతుంది. ఒంటి మీద 10 ఎలక్ట్రోడ్లు అంటిస్తే కాగితం మీద 12 లీడ్లు, అంటే గుండెను 12 వైపుల నుంచి చూపే గీతలు వస్తాయి. ఎడమ చేతిదీ కుడి చేతిదీ తారుమారైతే మొదటి లీడ్ తలకిందులవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు చూడగానే పట్టేస్తారు. ఛాతీ మీద ఒక పక్కటెముక పైకో కిందికో అంటిస్తే మాత్రం పట్టుకోవడం కష్టం. అందుకే అందాజుగా అంటించకుండా వేలితో ఎముకలు లెక్కపెట్టుకునేవాళ్లే ఇందులో రాణిస్తారు.

డయాలసిస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. సాధారణంగా వారానికి మూడుసార్లు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు, అవే ముఖాలు, ఏళ్ల తరబడి. వాళ్ల పిల్లల పెళ్లిళ్లు, ఇంటి గొడవలు మీకు తెలిసిపోతాయి. పని సగం యంత్రం, సగం నీళ్లు. ఒక్క రోగికి ఒక్కసారి వందకు పైగా లీటర్ల నీళ్లు కావాలి. తాగే నీళ్లలో కలిపే క్లోరిన్, క్లోరమైన్ మనం తాగితే ఏమీ చేయవు. డయాలసిస్ ద్వారా రక్తంలోకి చేరితే ఎర్రకణాలను పగలగొడతాయి. అందుకే రోగులు కూర్చోకముందే ప్రతి షిఫ్టులో నీళ్లు పరీక్షిస్తారు. ఇక్కడ ఒకరు తప్పు చేస్తే ఆ గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తగులుతుంది. రెండో ప్రమాదం చనువు. ఎప్పుడూ చూసే మనిషే కదా అని బరువు చూడకుండా క్రితంసారి అంకెలతోనే యంత్రం పెడితే, ఒంట్లోని నీరు అవసరానికి మించి లాగేసి బీపీ పడిపోతుంది. చేతిలోని సూది జారినా దుప్పటి కప్పి ఉంటే రక్తం పోతున్నట్టు కనిపించదు కాబట్టి, చలివేస్తోందని రోగి ఎంత బతిమాలినా ఆ చేతిని కప్పనివ్వకూడదు. ప్రేమగా మాట్లాడుతూనే ఆ దుప్పటి తీసేయగలిగినవాళ్లు కావాలి ఇక్కడ. మరో సంగతి, ఏళ్ల తరబడి చూసిన మనిషి ఒక రోజు రాకపోవచ్చు. వార్డులో చావు వేరు, ఇది వేరు. చేరే ముందు అక్కడ పనిచేసేవాళ్లను దీని గురించి అడగండి, చెబుతారు.

అంబులెన్స్ పనిలో తప్పు సెకన్లలోనే కనిపిస్తుంది, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున సాగుతోందా లేదా పక్కనున్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. మెడికల్ రికార్డుల్లో తప్పు నెలల తర్వాత బిల్లులోనో బీమా తిరస్కరణలోనో తేలుతుంది. ఈ రెండూ ఒకే కరపత్రంలో పక్కపక్కన ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

(మరొకరు: ఇందులో చేరి, ఆ తర్వాత నర్సు కావచ్చా మేడమ్?)

కావచ్చు. అయితే చాలా చోట్ల అది నర్సింగ్ కోర్సును మళ్లీ మొదటి నుంచీ చదవడమే అవుతుంది. ఇక్కడ గడిపిన నెలలు అక్కడ లెక్కలోకి వస్తాయని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఈ సర్టిఫికెట్‌కు గుర్తింపు ఎవరిది, నిజమైన వార్డులో ఎన్ని గంటలు శిక్షణ ఇస్తారు, గత ఏడాది చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఈ మూడూ అడగండి. బొమ్మ చేతి మీద మాత్రమే రక్తం తీయించి పంపేసే శిక్షణ శిక్షణ కాదు.

నర్సు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. చేరిన కొన్నాళ్లకు ఎవరో ఒకరు వచ్చి ‘నీకు చేయి బాగా తిరిగింది, ఈ ఇంజెక్షన్ నువ్వే ఇచ్చెయ్’ అంటారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది, మొహమాటం కూడా వేస్తుంది. మీ పనుల జాబితాలో లేకపోతే ఇవ్వవద్దు. ‘నాకు అనుమతి లేదు, మీతో పాటు వచ్చి సాయం చేస్తాను’ అనండి. ఏదైనా జరిగితే ఆ మెచ్చుకున్న మనిషి మీ పక్కన నిలబడరు. నిలబడ్డా చట్టం ఒప్పుకోదు.

(ఇంకొకరు: మరి మాకు ఏది సరిపోతుందో చేరకముందే ఎలా తెలుస్తుంది?)

అనుమతి అడిగి ఒక షిఫ్టు చూడండి. పొద్దున పదింటికి వెళ్లవద్దు, అప్పుడు ఎవరైనా బాగానే పనిచేస్తారు. షిఫ్టు చివరి రెండు గంటలు చూడండి, కుదిరితే రాత్రిది. చేతులు కడుక్కోవడం అప్పుడు కూడా జరుగుతోందా, లేబుళ్లు ఎక్కడ అంటిస్తున్నారు, రికార్డులో గీతలు ఎప్పుడు పడుతున్నాయి, గమనించండి. తర్వాత అక్కడి సీనియర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇక్కడ పొరపాటు జరిగితే ఏం చేస్తారు?’ ఫారం చూపించి, మొన్న ఇలా జరిగింది, ఇలా మార్చుకున్నాం అని చెబితే అక్కడ పని నేర్చుకోవచ్చు. ‘మా దగ్గర పొరపాట్లు జరగవు’ అంటే నమస్కారం పెట్టి, ఇంకో ఆసుపత్రికి వెళ్లి ఇదే ప్రశ్న వేయండి. ఫీజు ఆ తర్వాత కట్టవచ్చు.